ఎడమచేతి చాపల తాండ్ర

2024 జూన్ పదకొండో తేదీ, మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నర వేళ, రాజాంలోని ఒక మిఠాయి దుకాణం వెనక గదిలో నిలబడి దేముడమ్మ ఒక తెల్ల కాగితం మీద సంతకం చేసింది. కాగితంలో నాలుగే వాక్యాలు. 'మేము సరఫరా చేసిన మామిడి తాండ్ర బూజు పట్టిన మాట వాస్తవము. తప్పు పూర్తిగా మాదే. ఇకమీదట ఇటువంటి పొరపాటు జరగదు. దయతో క్షమించగలరు.' రాసింది దుకాణం గుమాస్తా. చెప్పి రాయించింది యజమాని ధనరాజ్. సంతకం ఒక్కటే దేముడమ్మది. ఆ గదిలో మూడు కుర్చీలున్నాయి. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. ఈ సంగతి ఏ కాగితంలోనూ నమోదు కాలేదు కనుక ఇక్కడ నమోదు చేయవలసి వస్తున్నది.

సంతకం పెట్టడానికి ఆమెకు రెండు కారణాలున్నాయి. మొదటిది, తప్పు తనదేనని ఆమె నిజంగా నమ్మింది. మే నెలాఖరులో రెండు రోజులు మబ్బు కమ్మి చినుకులు పడినప్పుడు ఆరుబయట ఉన్న చాపల మీద టార్పాలిన్ కప్పించింది. కప్పు కింద తాండ్రకు చెమట పడుతుంది. చెమట పట్టిన తాండ్ర నిలవ ఉండదు. ఆ రెండు రోజుల భయం ఆమె గుండెలో అలాగే ఉండిపోయింది. రెండో కారణం ఇంకా పాతది. ఎదుటివాడు గొంతు పెంచితే తల దించుకోవడం నలభై ఎనిమిదేళ్ళుగా ఆమెకు అలవాటు. ఆ అలవాటును వినయమని మెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు గాని, దానివల్ల బాగుపడింది ఎవరో విచారించినవారు ఒక్కరూ లేరు.

దేముడమ్మ ఊరు తోటవలస, రాజాం నుంచి ఎనిమిది కిలోమీటర్లు. భర్త గిరిబాబుకు ఎకరన్నర మెట్ట, అందులో పద్నాలుగు పీచు మామిడి చెట్లు. పీచు కాయను పట్నం వ్యాపారులు కన్నెత్తి చూడరు. 2016 వేసవిలో చెట్ల కింద కుళ్ళిపోతున్న పళ్ళను చూడలేక ఆమె రెండు తట్టలు ఏరి, రసం పిండి, బెల్లం కలిపి, అత్త అసిరమ్మ అల్లిన ఈతాకు చాప మీద పోసింది. పలచగా ఒక పొర. అది ఆరాక మర్నాడు దానిమీద ఇంకొక పొర. ఇరవై రోజులకు ఇరవై పొరలు. చివరికి చాప నుంచి వలిచి తీసిన తాండ్ర పలక తేనె రంగులో, పక్కనుంచి చూస్తే పుస్తకం అంచులా ఉంది. వీధిలోని వాళ్ళకు తలా ఒక ముక్క పెట్టింది. మరుసటి వేసవికి వీధిలోని వాళ్ళే పళ్ళు మోసుకొచ్చారు.

2019 నాటికి పన్నెండుమంది ఆడవాళ్ళు సంఘంగా ఏర్పడి, శ్రీకాకుళంలో నమోదు చేయించుకొని, ఆహార భద్రత లైసెన్సు తీసుకున్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాలో కలిసింది. తోటవలస ఉన్నచోటే ఉన్నది; ఒక్క మామిడి చెట్టూ కదలలేదు. అయినా లైసెన్సు మీద జిల్లా పేరు మార్పించుకోవడానికి దేముడమ్మ అయిదుసార్లు తిరిగింది. తిరిగిన ప్రతిసారీ దరఖాస్తు నకలు, రసీదు, బస్సు టిక్కెట్టు కూడా ఒక రేకు పెట్టెలో దాచింది. సంఘంలో డిగ్రీ చదివిన పిల్ల శైలజ వాటికి తేదీల వరుసలో దారం గుచ్చింది. మన కార్యాలయాలు పౌరులకు నేర్పిన విద్య ఇదొక్కటే అనుకోవాలి.

తాండ్ర పలకలను ధనరాజ్ కొనేవాడు. దుకాణంలో ముక్కలుగా కోసి, పెట్టెల్లో సర్ది, పైన 'దేముడమ్మ తాండ్ర' అని చీటీ అంటించేవాడు. తన పేరు అచ్చులో చూసుకున్న రోజున ఆమె పెట్టెను కొంగు చాటున దాచుకొని ఇంటికి తెచ్చింది. గిరిబాబు ఆ ఖాళీ పెట్టెలో ఉలవల విత్తనాలు పోసుకున్నాడు.

"నా పేరుమీద ఉలవలు పోసినావేటి మావా?"

"మరి గట్టి పెట్టి గదే. నీ పేరుంటే ఎలకలు కూడా ముట్టవు."

ఆ పేరే ఇప్పుడు పోయేటట్టుంది. సంతకం చేసిన నాలుగు రోజులకు, శనివారం ఉదయం, విజయనగరం నుంచి రిజిస్టర్డు తపాలాలో నోటీసు వచ్చింది. శైలజ అరుగు మీద కూర్చొని చదివి వినిపించింది. పెళ్ళిలో పంచిన తాండ్రకు బూజు పట్టి ఉన్నదని ఒక కుటుంబం ఫిర్యాదు చేసింది. ధనరాజ్ దుకాణంలో అధికారులు తీసిన నమూనా పరీక్షలో తప్పింది. తయారీదారులే తప్పు ఒప్పుకున్నారని దుకాణదారు జవాబిచ్చి, వారి లేఖను జతపరిచాడు. లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో జూన్ ఇరవయ్యో తేదీన హాజరై చెప్పుకోవలెను.

"రద్దయితే ఏటవుద్ది?" అంది దేముడమ్మ.

"మనం వొండింది మనం తినొచ్చు పిన్నీ. అమ్మకూడదు." శైలజ కాగితం మడిచింది. "అసలు ఆ లేఖ మీద ఎందుకు సంతకం పెట్టినావు? నాకు ఫోను సేస్తే వచ్చీదాన్ని గదా."

దేముడమ్మ తాండ్ర నిలవుంచిన పాకవైపు చూసింది. పాకలో ఇంకా నలభై పలకలున్నాయి. అవి అమ్ముడుపోకపోతే ఒక వేసవి పోయినట్టు. లైసెన్సు పోతే పన్నెండుమందీ మళ్ళీ తెల్లారి లేచి కూలి ఆటో ఎక్కాలి. అంతకన్నా, రేపటి నుంచి ఆ చీటీ మీది పేరు చూసినవాళ్ళు పెట్టెను తిరిగి అరలో పెట్టేస్తారు. ఆ ఆలోచన దగ్గరే ఆమె ఆగిపోయింది.

అదే రోజు మధ్యాహ్నం ధనరాజ్ వ్యాను వచ్చింది. మిగిలిపోయిన, ఇంకా ముక్కలు కొయ్యని సరుకంటూ ఆమె పేరు చీటీలున్న ఏడు పెట్టెలు గుమ్మం బయట దించి, తిరిగి ఇచ్చినట్టు రసీదు మీద సంతకం అడిగారు. ఈసారి శైలజ చదివాకే దేముడమ్మ పెట్టింది.

తోటవలస చుట్టుపక్కల పల్లెల్లో ఒక ఆచారం ఉంది. అమ్మిన తిండి వస్తువు తిరిగొస్తే గడప దాటించరు, మూత విప్పరు, కంట చూడరు. పొద్దు గుంకేలోగా ఊరి చివర గొయ్యి తీసి అలాగే పాతేస్తారు. చూస్తే ఆ చెడు మళ్ళీ చేసే సరుకును పట్టుకుంటుందని నమ్మకం. ధనరాజ్ పుట్టి పెరిగింది ఇక్కడికి మూడు ఊళ్ళ అవతలే. ఆ పెట్టెలు ఏమవుతాయో అతనికి తెలియదనుకోవడం అమాయకత్వం. తన దుకాణంలో ఉండకూడని వస్తువును ఎదుటివారి చేతులతోనే, వారి నమ్మకంతోనే మట్టిలో కలిపించే ఏర్పాటు అది. ఇంత తెలివి మంచి పనికి ఉపయోగించిన వ్యాపారి ఒక్కడున్నా ఈ ప్రాంతం మరోలా ఉండేది.

గిరిబాబు తోట వెనక కంచె పక్కన గొయ్యి తవ్వాడు. పెట్టెలు అంచున పేర్చారు. ఆడవాళ్ళు దూరంగా మొహాలు పక్కకు తిప్పుకొని నిలబడ్డారు. డెబ్భై ఎనిమిదేళ్ళ అసిరమ్మ చేతికర్ర ఆనించుకొని దగ్గరుండి చూస్తోంది. మొదటి పెట్టె చేతిలోకి తీసుకున్న దేముడమ్మ గోతిలో వెయ్యకుండా నిలబడిపోయింది.

"బేగి యెయ్యవే. పొద్దు పోతన్నాది," అంది అసిరమ్మ.

"సూడాల అత్తా."

"ఏటి సూడాల? తిరిగొచ్చిన సరుకు కంటబడకూడదని నీకు తెలీదేటి?"

"ఏ సాప మీద పోసింది పాడైందో సూడాల. తెలకపోతే వచ్చే ఏడు మళ్ళీ దానిమీదే పోస్తాం. మళ్ళీ బూజే పడతాది."

"అరిష్టం వస్తాదే."

"కొత్తగా వచ్చీదేటున్నాది అత్తా? అంతా వచ్చేసింది."

గిరిబాబు పార ఆపి తల్లివైపు, భార్యవైపు చూశాడు. తరవాత పారను నేలకు ఆనించి, దానిమీద గడ్డం పెట్టుకొని నిలబడ్డాడు. నువ్వే తేల్చుకో అన్నట్టు. దేముడమ్మ నేల మీద చతికిలబడి పెట్టె మూత విప్పింది. లోపల పలక నల్లబడి ఉంది, అంచుల్లో తెల్లటి బూజు. ఆమె దాన్ని వెల్లకిలా తిప్పింది.

చాప మీద ఆరిన తాండ్రకు అడుగున చాప అల్లిక అచ్చు పడుతుంది. అసిరమ్మది ఎడమచేతి అలవాటు. ఆమె అల్లిన చాపల్లో గీతలు అందరి చాపల్లా కాక ఎదురు దిక్కుకు వాలి ఉంటాయి. సంఘంలో ఉన్న అరవై చాపలూ ఆమె అల్లినవే. అందుకే దేముడమ్మ తాండ్ర పలక వెనక ఎప్పుడూ కుడినుంచి ఎడమకు వాలిన వానచారల్లాంటి గీతలుంటాయి. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ ప్రత్యేకంగా గమనించలేదు, ఇంటి గుమ్మం ఎటు ఉన్నదో ఎవరూ గమనించనట్టు.

ఈ పలక వెనక వాలుగీతలు లేవు. చిన్నచిన్న చదరపు గడులున్నాయి, లెక్కల పుస్తకంలో కాగితంలాగా.

ఆమె రెండో పలక తిప్పింది. గడులే. మూడోది కత్తితో కోసి అంచు చూసింది. ఇరవై పొరలు కావు. రెండే పొరలు, మందంగా, మధ్యలో తడి. ఏడు పెట్టెల్లో రెండింటిలో మాత్రం వాలుగీతల పలకలున్నాయి. వాటికి బూజు లేదు. చివరగా పంపిన సరుకు కనుక మబ్బు రోజుల్లో టార్పాలిన్ కింద ఉన్నవి కూడా అవే. ముక్క విరిచి నోట్లో వేసుకుంది, నమిలింది, శుభ్రంగా ఉంది.

"అత్తా, ఇలా రా. ఇది నీ సాపేనా?"

అసిరమ్మ కర్ర పక్కన పెట్టి కూర్చొని, పలకను మోకాళ్ళ మీద పెట్టుకొని వేళ్ళతో తడిమింది. ఆచారం మాట మరిచిపోయింది.

"నాదా? నాను ఇలాటి గడులు అల్లుతానేటే? ఇది ప్లాస్టిక్ పట్టా. బస్టాండు కాడ అమ్ముతారు సూడు, నీలంరంగుది. ఎవుడో రెండు రోజుల్లో ఎండబెట్టీసి నీ పెట్టిలో దూర్చినాడు."

మొహాలు తిప్పుకొని నిలబడ్డ పదకొండుమందీ అప్పటికి గోతి చుట్టూ చేరారు. ఒకరి తరవాత ఒకరు పలకలు తిప్పి చూశారు. దేముడమ్మ మాత్రం కూర్చున్నచోటే రెండు చేతులూ నేలకు ఆనించింది. బూజు పాపం తన టార్పాలిన్‌ది కాదు. పన్నెండుమంది చేతులూ శుభ్రమే.

"అంతా బాగున్నాది పిన్నీ," అంది శైలజ మెల్లగా, "కానీ తప్పు మాదేనని నువ్వు రాసిచ్చీసినావు. అదేటి సేద్దాం?"

"సంతకం నోరెత్తదు గదే. నాను ఎత్తుతాను," అంది దేముడమ్మ. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమెకే కాసేపు అనుమానం కలిగింది.

ఇరవయ్యో తేదీ గురువారం దేముడమ్మ, శైలజ రాజాంలో విజయనగరం బస్సు ఎక్కారు. శైలజ చేతిలో రేకు పెట్టె. దేముడమ్మ భుజం మీద చుట్టిన ఈతాకు చాప, సంచిలో నాలుగు పలకలు. కండక్టరు చాపను చూసి ఆగాడు.

"ఏటమ్మా, బస్సులో పడుకుందావనేటి?"

"నాకు కాదు నాయనా. ఆఫీసులో కొందరు కూకోని కూకోని అలిసిపోతన్నారు, ఆళ్ళకి పరుద్దావని."

కండక్టరు నవ్వి చాపకు టిక్కెట్టు అడగలేదు. అడిగి ఉంటే అదీ రేకు పెట్టెలోకే చేరేది.

కార్యాలయంలో పదిన్నరకు రమ్మన్నారు, పిలిచింది ఒంటిగంటకు. చాపతో లోపలికి వెళ్ళకూడదని అటెండరు అడ్డుపడ్డాడు. శైలజ నోటీసు చూపించి, 'సాక్ష్యాధారములతో హాజరు కావలెను' అన్న వాక్యం కింద వేలు పెట్టి, "ఇదే మా ఆధారం. వద్దంటే వద్దని రాసియ్యండి," అంది. రాసివ్వమనగానే అతను పక్కకు తప్పుకున్నాడు.

లోపల అధికారికి ఎదురుగా ధనరాజ్ అప్పటికే కుర్చీలో ఉన్నాడు. అధికారి ఫైలు తిప్పుతూ తలెత్తకుండానే అన్నాడు. "మీరే ఒప్పుకుంటూ లేఖ ఇచ్చారు కదమ్మా. ఇక మాట్లాడటానికి ఏముంది?"

దేముడమ్మ గది కలయజూసింది. ఖాళీ కుర్చీ ఒకటి కనిపించింది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అందులో కూర్చుంది. కూర్చున్నాక మాట వచ్చింది.

"లేఖ మీద సంతకం నాదేనండి. అందులో మాట నాది కాదండి. సరుకు సూడకండా బయపడి పెట్టినాను. ఇప్పుడు సూసి వచ్చినాను. మీరూ ఒక్కసారి సూడండి."

చాపను నేల మీద పరిచింది. ఇంటినుంచి తెచ్చిన పలకను బల్లమీద వెల్లకిలా పెట్టింది. దాని పక్కన వ్యానులో వచ్చిన పలక. అధికారి కళ్ళజోడు సవరించుకొని, లేచి, చాప దగ్గరకు వచ్చి వంగి చూశాడు. వాలుగీతల పలకను చాపమీద పెట్టాడు. గీతకు గీత సరిపోయింది. గడుల పలకను పెట్టాడు, దేనికీ కుదరలేదు.

ధనరాజ్ నవ్వాడు. "సార్, ఇవి ఇంట్లో ఎన్నయినా తయారుచేసుకొని తేవచ్చు. ఈవిడకి అరవై చాపలుంటే అరవయ్యొకటోది ప్లాస్టిక్‌ది లేదని ఎవరు చెప్పొచ్చారు? పాపం చదువులేని మనిషి, ఎవరో నేర్పి పంపించారు."

"సదువు లేదు బాబూ, నిజమే," అంది దేముడమ్మ. "నాను తెచ్చింది నమ్మొద్దు. సారు తెచ్చిందే సూద్దాం. నీ దుకాణంలో తీసిన ముక్క సారు దగ్గర సీలేసి ఉన్నాది గదా. విప్పక్కర్లేదు. అద్దంలాటి సంచే అని మీ కాయితంలోనే ఉన్నాదంట. తిప్పితే సాలు."

నమూనా తీసినరోజు పంచనామా నకలును శైలజ రేకు పెట్టెనుంచి తీసి బల్లమీద పెట్టింది. నోటీసుతో జతచేసి పంపినదే అది; 'పారదర్శక సంచిలో నాలుగు భాగములు' అని అందులోనే ఉంది. అధికారి దాన్ని చదివి, అలమరా తాళం తీయించి, తన సంతకం ఉన్న సీలు సంచిని తెప్పించి, వెలుగు వైపు పట్టుకొని తిప్పాడు.

గడులు.

సంచిని అలాగే ధనరాజ్ వైపు తిప్పి పట్టుకున్నాడు. "ఏమండీ, ఇది ఎక్కడిది?"

"స్టాకు తక్కువైతే... మా వాళ్ళు వేరేచోట తెచ్చినట్టున్నారు సార్. కలిసిపోయి ఉంటుంది."

"కలిసిపోయిన సరుకుకు ఈవిడ పేరు చీటీ ఎలా అంటుకుంది?"

ధనరాజ్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అధికారి కూర్చొని రాయడం మొదలుపెట్టాడు. ఆయన రాసినదంతా శైలజ చదివి వినిపించాకే, చివర ఉన్న గీత మీద దేముడమ్మ సంతకం చేసింది. తరవాత ఆయన ఒక మాట అన్నాడు. అది ఫైలులో లేదు. "మాకు పరీక్ష ఫలితం వస్తే తప్పు ఎవరిదో కూడా వచ్చినట్టే అనుకుంటామమ్మా. ముక్కను తిప్పి చూడాలని తట్టలేదు." ఆ మాట అన్నందుకు ఆయనకు నమస్కరించాలి. అయితే తిప్పి చూడటానికి ఒక మనిషి చాప మోసుకొని బస్సెక్కి రావలసి వచ్చిందన్నది కూడా మరవకూడదు.

నోటీసు ఉపసంహరిస్తూ ఉత్తర్వు జూన్ ఇరవై ఎనిమిదిన వచ్చింది. జిల్లా పేరు సరిగ్గానే ఉంది. దుకాణం మీద వేరే కేసు నమోదైంది. పాకలోని నలభై పలకలూ రాజాంలోనే ఇంకో దుకాణానికి వెళ్ళాయి, ఈసారి కోసి, సర్ది, చీటీ అంటించింది తోటవలసలోనే. క్షమాపణ లేఖ ఫైలులో భాగం కనుక తిరిగి ఇవ్వలేమన్నారు. ధ్రువీకరించిన నకలు ఇచ్చారు. గిరిబాబు ఆ నకలును చూసి పొయ్యిలో వేద్దామన్నాడు.

"వొద్దు మావా," అంది దేముడమ్మ. "నాను సూడకండా సంతకం పెట్టిన కాయితం ఇదొక్కటే. దీన్ని పెట్టిలో పైనే ఉంచుతాను. తాండ్ర అయినా, కాయితం అయినా, ముందు తిప్పి సూడాల."

లేఖ రేకు పెట్టెలో అన్నిటికన్నా పైన ఇప్పటికీ ఉంది.

ఆ నకలు వచ్చిన సాయంత్రం తొలకరి గట్టిగా పడింది. చాపలన్నీ కడిగి, ఆరబెట్టి, పాక అటకమీదికి ఎక్కించేశారు కనుక ఎవరికీ తొందర లేదు. చాలా రోజుల తరవాత వాన చప్పుడును భయం లేకుండా విన్నారు. అసిరమ్మ పాక గుమ్మంలో ఈతాకు తడిపి పెట్టుకొని శైలజకు అల్లిక నేర్పుతోంది. అరవైకి ఇంకో ఇరవై చాపలు కావాలి. అల్లే చేతులు ఆమెవి రెండే ఉన్నాయి. శైలజ కుడిచేతి మనిషి. వేళ్ళు మాటిమాటికీ అలవాటైన దిక్కుకే పోతున్నాయి.

"ఎడం సెయ్యి, ఒసే, ఎడం సెయ్యి," అంది అసిరమ్మ, పిల్ల మణికట్టు మీద ఈనెతో తడుతూ. "డిగ్రీ సదివినావు, సెయ్యేదో తెలదేటి? ఇప్పదియ్యి. మళ్ళీ మొదలెట్టు."

శైలజ నవ్వి, అల్లిందంతా విప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.